అవ్వకని చెప్పిన సంచి

మొన్న మా మనవరాలు బెంగళూరులోని ఏదో పెద్ద అంగడి నుంచి పసిపిల్లల టోపీ ఒకటి తెచ్చింది. తెల్లటి నూలు దారంతో అల్లిన టోపీ. దానికొక అట్టముక్క వేలాడుతోంది. ‘చేత్తో అల్లినది’ అని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉందట, తనే చదివి చెప్పింది. చేత్తో అల్లినదానికి చేత్తో అల్లినదని రాసిపెట్టవలసిన అవసరం ఎందుకొచ్చిందా అని నాకు వెంటనే అనుమానం కలిగింది. నాకు చాలావాటి మీద అనుమానమే. పాలు పలచగా ఉంటే అందరూ అడుగుతారు, చిక్కగా ఉంటే ఎందుకు చిక్కగా ఉన్నాయని మా అత్త అడుగుతుంది అని నా కోడలు పదిమందికీ చెప్పి నవ్విస్తుంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. టోపీని తిరగేసి, దారం కొసను ఎక్కడ దాచారా అని అంచు పొడుగునా వేలితో తడుముతూ ఉంటే మనవరాలు గబుక్కున లాక్కుంది. “అవ్వా, నీకు దండం పెడతాను, పీకొద్దు. రేపు నా స్నేహితురాలి శ్రీమంతానికి ఇవ్వాలి” అంది.

శ్రీమంతానికంటే బిడ్డ ఇంకా పుట్టనే లేదన్నమాట. “పుట్టకముందే టోపీ ఇస్తారా?” అన్నాను. “ఇస్తే ఏమవుతుంది?” అంది. ఏమీ కాదు. ఏమీ కాదన్న సంగతి నాకు డెబ్బై ఏళ్లుగా తెలుసు. అది తెలియడానికి మా ఇంట్లో మూడు నెలల పాటు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని పరిస్థితి వచ్చింది. దానికి కారణం యుద్ధం కాదు, కరువు కాదు. గుప్పెడంత టోపీ, దాని గురించి నేను చెప్పిన ఒక అబద్ధం, ఆ తర్వాత నేను చెప్పిన ఒక నిజం. నిజమని నేను అనుకున్నది.

అప్పుడు మేము ధర్మవరంలో ఉండేవాళ్లం. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నాకు పన్నెండో పదమూడో ఏడు. మాది పట్టుచీరలు నేసే ఇల్లు. ముందరి గదిలో రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద నాయన, ఇంకొకదాని మీద చిన్నాయన కూర్చునేవాళ్లు. అమ్మ, చిన్నమ్మ, నేను నేతకు కావలసిన దారాన్ని కండెలు చుట్టేవాళ్లం. వీళ్లందరి మీదా పెత్తనం మా అవ్వది, అంటే నాయన తల్లిది. అవ్వకు అక్షరం ముక్క రాదు. కాని గుడ్డను చదివేది. ఆ మాట ఊళ్లో వాళ్లు అన్నదే. ఎవరైనా ఎక్కడిదో ఒక కొత్త రకం అంచు ముక్క పట్టుకొచ్చి, ఇట్లాంటిది మాకూ కావాలంటే, అవ్వ దాన్ని తొడ మీద పరుచుకుని, మూల నుంచి సూదితో ఒక్కొక్క పోగే లాగి పక్కన పెట్టుకుంటూ పోయేది. పడుగు పోగులు ఇన్ని, పేక పోగులు ఇన్ని, పువ్వు దగ్గర ఇన్ని పోగులు ఎత్తినారు, ఇన్ని వదిలినారు అని చెప్పేది. ఎంత గొప్ప నేతగాడు నేసిన గుడ్డయినా అవ్వ దగ్గర దాని గుట్టు దాగేది కాదు. బహుశా అందుకే ఆమెకు మనుషుల మీద కూడా అదే చూపు ఉండేది. ఎవరు నవ్వినా, ఎవరు ఏది తెచ్చిచ్చినా, ఒక పోగు లాగి చూడందే నమ్మేది కాదు.

మా చిన్నమ్మది పెనుకొండ. మా చిన్నాయనను చేసుకుని ఆ ఇంటికి వచ్చేటప్పుడు ఆమె పెట్టెలో రెండు చీరల మధ్య ఒక వంకర సూది వచ్చింది. చిన్నప్పుడు పెనుకొండలో ఒక క్రైస్తవ టీచరమ్మ దగ్గర నాలుగేళ్లు చదువుకుందట. కుట్లు, అల్లికలు ఆమె దగ్గరే నేర్చుకుంది. వచ్చేటప్పుడు టీచరమ్మే ఆ సూదిని బహుమానంగా ఇచ్చిందట. అవ్వ ఆ సూదిని మొదటిరోజే చూసింది. అటు తిప్పి ఇటు తిప్పి, “కన్ను ల్యాని సూది యాడన్నా ఉండాదా? దారం యాడ ఎక్కిస్తావు?” అని అడిగింది. “దారం ఎక్కించేది లేదత్తా. కొక్కేనికి తగిలించి లాగల్ల” అంది చిన్నమ్మ. పడుగు లేదు, పేక లేదు, మగ్గం లేదు, ఒకే ఒక దారంతో అల్లుకుంటూ పోతే గుడ్డ అవుతుందన్న మాట అవ్వకు మింగుడు పడలేదు. నేతింట పుట్టి, నేతింట మెట్టిన మనిషి. ఒక్క దారంతో గుడ్డ అయ్యేటట్లయితే మరి మేమంతా గుంటలో కాళ్లు పెట్టుకుని ఇన్నేళ్లు ఏం చేసినట్లు?

చిన్నమ్మకు అల్లడమంటే పిచ్చి. కండెలు చుట్టే పని అయిపోయి, వంట దించి, ఓ గంట దొరికితే చాలు, వసారాలో గోడకు ఆనుకుని సూది తీసేది. ఆమె చేతులు అల్లుతుంటే కళ్లు వీధిలోకి చూసేవి, నోరు మాతో మాట్లాడేది. అద్దం మీద కప్పడానికి ఒక తెర, నీళ్ల చెంబు మీద కప్పడానికి చుట్టూ పూసలు కట్టిన మూత, దిండ్ల గలీబులకు అంచు. అల్లినదంతా ఎవరికో ఒకరికి ఇచ్చేసేది. తన కోసం ఏదీ ఉంచుకునేది కాదు. చిక్కు అక్కడే వచ్చింది. ఊరికే ఇచ్చేవాళ్లను మా ఇంట్లో నమ్మేవాళ్లు కాదు. చెంబు మూత అమ్మకు ఇస్తే, అమ్మ తీసుకుని, బాగుందని, అవ్వ దగ్గరికి తెచ్చి గొంతు తగ్గించి, “ఎందుకిచ్చినట్లు?” అని అడిగింది. అవ్వ పూసలన్నీ ఒకటొకటిగా నొక్కి చూసి, “ఏమో, పెట్టెలో పెట్టు, చూద్దాం” అంది. అట్లా మా ఇంట్లో చిన్నమ్మ ఇచ్చిన బహుమానాలన్నీ ఒక పెట్టెలో విచారణ ఖైదీల మాదిరి పడి ఉండేవి. ఆ అనుమానానికి పైకి చెప్పని కారణం ఒకటుంది. పెళ్లయి ఆరేళ్లయినా చిన్నమ్మకు పిల్లలు కలగలేదు. పిల్లల్లేని మనిషి ఇచ్చేవాటిలో ఏదో ఆశ ఉంటుందనో, ఆక్రోశం ఉంటుందనో ఆ కాలంలో ఆడవాళ్లకు ఒక భయం. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు అది మా ఇంట్లో ఉప్పు పప్పు మాదిరి మామూలు విషయం.

నేను మాత్రం ఆమెకు శిష్యురాలినయ్యాను. నా చేతికి సూది ఇచ్చి, ఉండ నుంచి దారం చూపుడువేలికి చుట్టి, మొదటి గొలుసు వేయించింది. నాలుగు రోజులు అల్లితే కోతి తోక మాదిరి వచ్చింది. ఆమె నవ్వి కొస పట్టుకుని లాగింది. నా నాలుగు రోజుల పని బర్రున జారిపోయి మళ్లీ దారమైపోయింది. నాకు ఏడుపొచ్చింది. “ఏడ్చొద్దు పాపా. దీంట్లో ఉండే సుఖమే ఇది. తప్పు పోయిందా, కొస పట్టి లాగు. దారం యాడికీ పోదు, మళ్లా అల్లుకో” అంది. ఆ మాట నాకు అంతగా నచ్చలేదు కాని గుర్తుండిపోయింది. తర్వాత దాన్నే ఆమె మీద సాక్ష్యంగా వాడతానని అప్పుడు ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ ఏడు హిందూపురంలో మా అక్క నిండు నెలల వైపు పోతోంది. అక్కకు మొదటి కాన్పు ధర్మవరంలో మా ఇంట్లోనే జరిగింది. ఆ బిడ్డ తొమ్మిది రోజులు మాత్రం బతికింది. అందుకని రెండో కాన్పు అత్తగారింట్లోనే అని అక్కడివాళ్లు అన్నారు, మేము కాదనలేదు. అమ్మ ఆ నెలలన్నీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగింది. బిడ్డ పుట్టకముందు బిడ్డకని ఏదీ కుట్టకూడదు, కొనకూడదు, అనుకోకూడదు. పుట్టాక కూడా పాత మెత్తటి చీర ముక్కలోనే చుట్టాలి. చిన్నమ్మకు ఈ పట్టింపు తెలుసు. అయినా ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, “పేరు పెట్టే దినానికి ఒక టోపీ అల్లుదామా? పుట్టినాక మొదలుపెడితే అందదు. నా దగ్గర తెల్లదారం ఒక్క ఉండే ఉండాది. యుద్ధం అయిపోయేదాకా ఇంకొకటి రాదు. నువ్వే అల్లు, అక్కకు చెల్లెలు ఇచ్చినట్లుంటాది. ఎవురన్నా అడిగితే సంచి అని చెప్పు” అంది. టోపీని నడినెత్తి నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా అల్లుకుంటూ పోతారు. సగంలో ఉన్నప్పుడు తిరగేస్తే నిజంగానే చిన్న సంచి మాదిరే ఉంటుంది.

అడగవలసిన మనిషి రెండోరోజే అడిగింది. “ఏందే అది?” అంది అవ్వ.

“సంచి అవ్వా. వక్కాకు సంచి.”

“ఎవురికి?”

ఇంట్లో వక్కాకు నమిలేది అవ్వ ఒక్కతే. ఇంకెవరి పేరు చెప్పినా అబద్ధం తేలిపోయేది. “నీకే” అన్నాను.

అవ్వ నా ముఖంలోకి చూసింది. అన్నింటినీ అనుమానించే మనిషి, ఆ ఒక్క మాటను ఎందుకో అనుమానించలేదు. “నాకా?” అంది. ఆమె నడుములో ఉండే వక్కాకు సంచి పాత రవికె గుడ్డతో కుట్టింది, సున్నం తిని మూల చిరిగింది. దాన్ని ఒకసారి తడుముకుని, “నోరు ఇంత పెద్దగుంటే వక్కలు నిలస్తాయా?” అంది. కొసకు తాడు వేసి బిగిస్తానని చెప్పాను. అబద్ధానికి తాడు కూడా వేశానన్నమాట.

పదిహేను చుట్లు అయ్యాక ఒకరోజు లెక్కపెడితే పద్నాలుగే ఉన్నాయి. నాదే పొరపాటనుకున్నాను. ఇంకో వారానికి పద్దెనిమిది చుట్లు అల్లి కండెల బుట్ట అడుగున దాచి, తీసి చూస్తే పదహారు. దారం నలిగి ఉంది, కొస తడిచి ఉంది. ఎవరో విప్పుతున్నారు. ఇంట్లో నాకు తెలియకుండా నా పనిని ఎవరో వెనక్కి నడిపిస్తున్నారు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఒక్కొక్కరి ముఖాన్నీ దొంగచూపులతో చూశాను. నాయన దగ్గినా దానిలో ఏదో ఉందనిపించింది. దొంగను పట్టడానికి ఒక ఉపాయం చేశాను. దారం కొసకు కుంకుమ రాసి పెట్టాను, ముట్టుకున్నవాళ్ల వేళ్లు ఎర్రబడతాయని. కాని నా తెలివి ఏమని చెప్పను, అది పట్టుకు రంగు వేసే రోజు. మధ్యాహ్నానికి ఇంటిల్లిపాది చేతులూ మోచేతుల దాకా ఎర్రగానే ఉన్నాయి. వంట దగ్గరున్న చిన్నమ్మ చేతులు ఒక్కటే శుభ్రంగా ఉన్నాయి. ఆమె ఉంగరపు వేలి కొసన మాత్రం ఎర్రగా ఒక చుక్క కనబడింది. పొద్దున బొట్టు పెట్టుకున్న వేలు అది. నాకు ఆ ఆలోచన రాలేదు. రాలేదనడం కంటే, రానివ్వలేదనడం నిజం.

కొస పట్టి లాగితే అంతా విడిపోతుందన్న సంగతి ఈ ఇంట్లో ఎవరికి తెలుసు? ఆమెకే. సూది చూపించి మళ్లీ మళ్లీ విప్పించింది ఎవరు? ఆమే. ఎందుకు విప్పుతుంది? ఆ మాటకు జవాబు నేను వెతుక్కోనక్కరలేదు, గడప దగ్గర అమ్మ, పక్కింటివాళ్లు గుసగుసలాడుకునేటప్పుడు నా చెవిన ఎన్నోసార్లు పడి ఉంది. ఇంకో నాలుగు రోజులకు సగం టోపీ లేదు. అంచు ఒక పక్క రెండు వేళ్ల మేర తెగి గండి పడి, ఆ గండిని ఎవరో మందంగా, బిగువుగా పూడ్చి పెట్టారు. అంత చక్కగా అల్లే చిన్నమ్మ ఇంత వికారంగా ఎందుకు పూడుస్తుందని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే, నన్ను మోసపుచ్చడానికే కావాలని అట్లా చేసిందనుకున్నాను. అనుమానం పట్టిన మనిషికి ఎదురు సాక్ష్యమంటూ ఉండదు.

పోయి అవ్వతో చెప్పాను. ఏడుస్తూ అంతా చెప్పాను, అది సంచి కాదని, అక్క బిడ్డకు టోపీ అని కూడా. అవ్వ చేతిలోని ఆకు చేతిలోనే ఉండిపోయింది. “టోపీనా?” అంది చివరికి. ఇంకేమీ అడగలేదు. నా వెనక నిలబడిన అమ్మ మాత్రం అంతా విన్నది.

అమ్మను నేను తప్పుపట్టలేను. తొమ్మిది రోజుల బిడ్డను ఒడిలో నుంచి ఎత్తి ఇచ్చిన చేతులు ఆమెవి. పుట్టని బిడ్డకు టోపీ మొదలుపెట్టడం ఒక తప్పు, దాన్ని విప్పడం ఇంకా పెద్ద అపశకునం, అది పిల్లల్లేని మనిషి చేతుల మీదుగా జరగడం ఆమె భరించలేకపోయింది. వంటింట్లోకి పోయి, “నీకు చేతులెత్తి మొక్కుతా, నా కూతురి కాన్పు అయ్యేదాకా, అయినాక గూడా, ఆ బిడ్డ జోలికి రావద్దు. పేరు పెట్టే దినానికి నువ్వు హిందూపురానికి రావద్దు” అంది. చిన్నమ్మ పొయ్యిలో కట్టె ముందుకు తోసింది. నా వైపు తిరిగి, “నువ్వు గూడా అట్లే అనుకున్న్యావా పాపా?” అని మాత్రం అడిగింది. నేను తల దించుకున్నాను. మూడో రోజు వాళ్లమ్మకు ఒంట్లో బాగలేదని చెప్పి పెనుకొండకు పోయింది. వాళ్లమ్మకు ఏమీ కాలేదని ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నాయన మగ్గం చప్పుడు ఆ తర్వాత చాలా రోజులు ఆగి ఆగి వినిపించేది.

వంకర సూదిని మాత్రం ఆమె తీసుకుపోలేదు. నా కండెల బుట్టలో పెట్టిపోయింది.

రెండు నెలలకు హిందూపురం నుంచి జాబు వచ్చింది. ఆడబిడ్డ, తల్లీబిడ్డా బాగున్నారని. ఇరవయ్యొకటో రోజు పేరు పెడతారని. నాయన, అమ్మ, అవ్వ, నేను పొద్దుటి రైలెక్కాం. మగ్గం మీద చీర ఉందని చిన్నాయన రానన్నాడు, అది అసలు కారణం కాదని మాకు తెలుసు. అవ్వ కిటికీ పక్కన కూర్చుని ఎప్పుడూ లేనిది ఆకు వేసుకోకుండా బయటికి చూస్తూ ఉంది. పెనుకొండ కొండ కనబడే వేళకు నా వైపు వంగి, “ఆ సంచి తెచ్చినావా?” అంది. సూదితో, మిగిలిన దారంతో సహా ఎవరి కంటా పడకుండా పెట్టె అడుగున పెట్టుకుని తెచ్చాను. ఆమెకు ఎట్లా తెలిసిందో! తీసి ఇచ్చాను. ఆమె ఆ పూడ్చిన గండి మీద బొటనవేలు పెట్టి, “ఇది ఎవురు నేసినారో చూడు” అంది.

చూశాను. ఇన్నాళ్లుగా చూడనిదాన్ని ఆ ఒక్క మాటతో చూశాను. ఆ ముక్క అల్లింది కాదు. నిలువుగా దారాలు బిగించి, అడ్డంగా ఒకటి పైన, ఒకటి కింద దూర్చుకుంటూ పోయారు. పడుగు, పేక. పోగు పక్కన పోగు, ఎక్కడా ఒక్కటి తప్పలేదు. అది నేతగత్తె చెయ్యి. మా ఇంట్లో అంత బిగువుగా సూదితో నేయగలిగే చేతులు రెండే.

“నాకని చెప్పినావు గదా” అంది అవ్వ. “ఎట్ల అల్లినావో చూద్దామని ఒక పోగు లాగినా. మన గుడ్డలో ఒక పోగు లాగితే ఒక పోగే గదే వచ్చేది? ఇది ఆగకుండా వచ్చె. భయపడి వదిలేస్తి. ఇంగొక దినం మళ్లా చూస్తి, మళ్లా అంతే. మూడోసారి చిక్కు పడి తెగిపాయ. ఊరోళ్ల గుడ్డలన్నీ చదివినదాన్ని, గుప్పెడు సంచి నా చేతిలో నీళ్లయిపాయ. నువ్వు వచ్చి నా దగ్గరే ఏడిస్తివి. చెప్పల్లనుకున్న్యా. నోరు రాలా.”

కొస లాగితే అంతా విడిపోతుందని తెలిసినవాళ్లే విప్పారని నేను అనుకున్నాను. తెలియని మనిషే విప్పింది. తెలిసినవాళ్లెవరూ అట్లా లాగరు. ఇంత చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. ఆ క్షణంలో నాకు అవ్వ మీద కోపం రాలేదు. పొయ్యి ముందు కూర్చుని చిన్నమ్మ అడిగిన మాట గుర్తొచ్చింది.

పెనుకొండ స్టేషన్లో రైలు ఆగింది. అవ్వ లేచి, “మీరు పోండి. నేను చిన్నకోడల్ని పిల్చుకొని వస్తా” అని నా చెయ్యి పట్టుకుని దిగిపోయింది. అమ్మ కిటికీలో నుంచి ఏదో అంటూనే ఉంది. రైలు కదిలింది.

చిన్నమ్మ పుట్టింటి వసారాలో జొన్నలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట కింద పెట్టి లేచింది. అవ్వ నీళ్లు కూడా అడగకుండా అరుగు మీద కూర్చుని, అంతా చెప్పింది. నాకు చెప్పినట్లే, ఒక్క మాట తక్కువ లేకుండా. చిన్నమ్మ విని, చేటను పక్కకు జరిపింది. “సరే అత్తా. విప్పింది నువ్వని తెలిసె. అయినా నేను రాను. రేపు ఆ బిడ్డకు జలుబు చేసినా నా మీదికే వస్తాది. నేను మొయ్యలేను” అంది. ఆ మాటకు నేను ఏడ్చాను. అవ్వ ఏడవలేదు. “వస్తే నేను ముట్టినందుకే వచ్చిందని నీ వారగిత్తి, ఈ పాపోళ్లమ్మ ముందర, హిందూపురం బీగుల ముందర చెప్తా. ముసలిదాన్ని, నేను మోస్తాలే” అంది. తర్వాత టోపీని చిన్నమ్మ ముందుకు చాపి, ఆమె ఎవరి ముందూ అనని మాట అంది. “ఇది నాకి చదవను రాలేదమ్మీ. ఎట్ల చదవల్లనో చెప్పు.”

చిన్నమ్మ టోపీ వైపు చూసింది. ఆ నేసిన ముక్క మీద ఆమె వేలు ఆగింది. నేను దాన్ని వికారం అనుకున్నాను, ఆమె మాత్రం, “ఎంత బాగ నేసినావత్తా” అంది. చిన్నమ్మ ఏడ్వడం నేను చూసింది అదే మొదటిసారి. కళ్లు తుడుచుకుని అవ్వ పక్కన కూర్చుని, “చూడు, దీంట్లో పోగులు ల్యావు. ఉండేది ఒక్కటే దారం. ఒక కన్నులో నుంచి ఇంగొక కన్ను” అని చూపించడం మొదలుపెట్టింది. అవ్వ ముఖం దగ్గర పెట్టుకుని చూసింది. టోపీతో పాటు తెచ్చిన సూదిని నేను చిన్నమ్మకు అందించాను.

రైలు పోయింది కాబట్టి బస్సులో పోయాం. పెట్రోలు దొరకని రోజులు, వెనకాల బొగ్గుల పొయ్యి కట్టిన బస్సు. ఎత్తు వచ్చినప్పుడల్లా ఆగి పొగ కక్కేది. ఆగినప్పుడల్లా చిన్నమ్మ రెండు చుట్లు అల్లేది. మిగిలిన నలిగిన దారమంతా వాడింది. అవ్వ నేసిన ముక్కను విప్పలేదు, దాని చుట్టూనే అల్లుకుంటూ పోయింది. నేను ఆమె పక్కన కూర్చుని, “తప్పయింది చిన్నమ్మా” అన్నాను. ఆమె తల ఎత్తలేదు. “మాట్లాడొద్దు, లెక్క తప్పుతాది” అంది. కాసేపటికి తన మోకాలు నా మోకాలికి ఆనించింది. నాకు అది చాలింది.

హిందూపురం చేరేసరికి పేరు పెట్టడం అయిపోయింది, విస్తళ్లు వేస్తున్నారు. అక్క అత్తగారు సగం కన్నడంలో, “బన్ని, బన్ని, ఇంత లేటా?” అంటూ ఎదురొచ్చింది. ఆమె వెనక అమ్మ. చిన్నమ్మను చూసి అమ్మ ముఖం నల్లబడింది. అవ్వ చెప్పులు విడవకుండానే, అంత మందిలో, గొంతు ఏమాత్రం తగ్గించకుండా, “విప్పింది నేను. ఆ పిల్ల కాదు. ఇంగ దీన్ని గురించి ఎవురన్నా మాట్లాడితే నాతో మాట్లాడండి” అంది. వియ్యాలవారికి ఏమీ అర్థం కాలేదు. అమ్మకు అర్థమైంది. అయినా ఆమె భయం ఒక్క మాటతో పోయేది కాదు. కదలకుండా నిలబడింది. మంచం మీద నుంచి అక్కే చేతులు చాపి బిడ్డను ఎత్తి, “ఎత్తుకో చిన్నమ్మా, నడుము నొప్పిగా ఉంది” అంది. చిన్నమ్మ అమ్మ వైపు చూసింది. అమ్మ ఒక అడుగు ముందుకేసి, “తల కింద చెయ్యి పెట్టు” అంది. అంతే. ఆ టోపీ బిడ్డకు కనుబొమల దాకా దిగింది, దారం ఎక్కువై చుట్లు ఎక్కువయ్యాయి. బిడ్డ గుక్కపెట్టి ఏడ్చింది. ఆ బిడ్డకే ఇప్పుడు మనవళ్లున్నారు. ఎండాకాలంలో కూడా జలుబుతో తుమ్ముతూ ఉంటుంది గాని గట్టి మనిషి.

తిరుగు ప్రయాణంలో అవ్వ చిరిగిన వక్కాకు సంచి విప్పి ఆకు వేసుకుంటూ, అందరి ముందూ నన్ను అడిగింది. “అన్నీ బాగనే అయ్యె. మరి నా సంచి యాడ?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దారం రాగానే అల్లిస్తానన్నాను. నిజంగానే అన్నాను. కాని దారం రాలేదు. బెంగళూరుకు ఎవరు పోయినా చిన్నమ్మ చెప్పి పంపేది, వాళ్లు వట్టి చేతులతో వచ్చేవాళ్లు. అవ్వ రెండు మూడు నెలలకొకసారి, ఎగతాళిగా, “ఏమే, నా సంచి నేస్తాండావా?” అని అడిగేది. అల్లడం అని ఆమె ఎప్పుడూ అనలేదు. పెట్టెలోని చిన్నమ్మ బహుమానాలు మాత్రం ఒకటొకటిగా బయటికి వచ్చాయి. అద్దం మీద తెర, చెంబు మీద మూత. అవ్వ పూసలు లెక్కపెట్టడం మానలేదు. యుద్ధం అయిపోయిన ఏడాది అవ్వ పోయింది. జ్వరం, నాలుగు రోజులు. ఆమె పోయిన మూడో నెలలో చిన్నమ్మ అన్న బెంగళూరు నుంచి తెల్లదారం ఉండ తెచ్చాడు. చిన్నమ్మ దాన్ని నా ఒడిలో పెట్టి వంటింట్లోకి పోయింది. నేను ఆ వారంలోనే సంచి అల్లాను. నోరు చిన్నదిగా, తాడుతో సహా. నేను చేసిన పనుల్లో అంత శ్రద్ధగా చేసింది ఇంకొకటి లేదు.

మొన్న మనవరాలి చేతిలోని టోపీ చూశాక, పెట్టె తెరిచి ఆ సంచిని తీసి ఆమెకు ఇచ్చాను. తెలుపు పసుపైంది గాని ఒక్క కన్ను కూడా తెగలేదు. లోపల ఎప్పుడూ ఒక్క వక్క పడలేదు. మనవరాలు దాన్ని తిప్పి తిప్పి చూసి, “అవ్వా, ఇంత బాగా అల్లి కొస ఇట్లా వదిలేశావేంటి? ముడి వేయలేదు, లాగితే ఊడిపోతుంది కదా” అంది.

“ఒకామె లాగి చూస్తుందని వదిలాను” అన్నాను. డెబ్బై ఏళ్లయింది. ఇంతవరకు ఎవరూ లాగలేదు.